ఎర్ర దుమ్ములో తెల్ల కేకు

ఆస్ట్రేలియా ఎడారి అంచున, మర్రీ అనే ఊరు దాటగానే తారు రోడ్డు కత్తిరించినట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచి అంతా ఎర్రమట్టి. రేకుల షెడ్డు మీది రేకుని తీసి నేల మీద పరిచినట్టు, గట్టూ పల్లం, గట్టూ పల్లం.

డెస్ పికప్ బండి దిగి, గతుకుల్లో కుదుపు తగ్గడానికి టైర్లలో కొంత గాలి తీయడం మొదలుపెట్టాడు. అతని భార్య మెరిన్ మాత్రం వెనకాల తగిలించిన కారవాన్, అదే చక్రాల ఇల్లు, దగ్గరికి పరుగెత్తి, తలుపు తీసి, కేకుని ఇంకోసారి చూసుకుంది.

రెండంతస్తుల పెళ్లికేకు. బ్రాందీలో నానిన ఎండుపళ్లతో నిండిన బరువైన కేకు, పైన మంచులాంటి చక్కెర పూత. రెండంతస్తులూ విడిపోకుండా మధ్యలో చెక్కపుల్ల దిగ్గొట్టింది. మెరిన్ తమ్ముడు గార్త్ కూతురు టామ్సిన్ పెళ్లి రేపే. ఈ మట్టిరోడ్డు చివర, పెళ్లికొడుకు వాళ్ల 'స్టేషన్'లో, అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రంలో. "అత్త చేసిన కేకైతేనే కోస్తా, లేకపోతే కేకే వద్దు" అని పిల్ల ఫోన్‌లో తెగేసి చెప్పింది. దారిలో కొట్టు లేదు, బేకరీ లేదు. కేకు పాడైతే ఇంకోటి రాదు.

"అక్కా, ఇంకా బతికే ఉందా?" వెనకనుంచి గార్త్ గొంతు.

అతని కారవాన్ పక్కనే ఆగి ఉంది. కొత్తది, మెరిన్ దానికి రెండింతల పొడుగు. లోపల సోఫా, నున్నటి అల్మారాలు, నొక్కితే తెరుచుకునే సొరుగులు. మెరిన్ కారవాన్ ఆమె వయసుకి పదేళ్లే చిన్నది. ఇద్దరు లోపలికి వెళితే ఒకరు ఊపిరి బిగపట్టాలి.

గార్త్ తల లోపలికి పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. తలుపు వెనక చెప్పులు పెట్టుకునే జేబుల సంచి వేలాడుతోంది. జేబుల్లో చెప్పులకి బదులు మసాలా సీసాలు, టార్చి, ఎండకి రాసుకునే క్రీము. కప్పులన్నీ కొక్కేలకి వేలాడుతున్నాయి, ఒక్కో కప్పుకీ ఒక పాత మేజోడు తొడిగి ఉంది. పళ్లేల అరకి అడ్డంగా కొక్కేల రబ్బరు తాళ్లు. కత్తులు గోడకున్న అయస్కాంతపు పట్టీకి అతుక్కుని, పైన ఎలాస్టిక్ కట్టుతో. బండి కింద, చట్రానికి బిగించిన మూత ఉన్న పీవీసీ పైపులో పందిరి కర్రలు, గాలాల కర్రలు. అన్నిటికీ మధ్యలో, పాత క్రికెట్ ప్రాక్టీసు వల కోసి కట్టిన ఉయ్యాలలో, కేకు డబ్బా. పైనుంచి నాలుగు తాళ్లు, కిందికి నాలుగు తాళ్లు.

"కప్పులకి మేజోళ్లా? చలేస్తోందా వాటికి?"

"నవ్వరా నవ్వు. తలుపు తెరిచేటప్పుడు చూద్దాం."

"అయితే పందెం. ఎవరి బండిలో ఎక్కువ సామాను కింద పడితే, పెళ్లిలో గిన్నెలన్నీ వాళ్లే తోమాలి."

"బంధువులందరివీనా?"

"అందరివీ. చెంచాలతో సహా."

ఇది ఈ కుటుంబంలో ఎప్పటినుంచో ఉన్న తతంగం. మట్టిరోడ్డు దాటి ఎవరు వచ్చినా తలుపు వెంటనే తెరవకూడదు. అందరూ బీర్లు పట్టుకుని చుట్టూ చేరాక తెరవాలి. లోపల ఏది ఎక్కడ పడిందో చూసి ఏడాదంతా ఏడిపించాలి.

"కట్టు పందెం" అంది మెరిన్.

"భయపడకు. నా ఫ్రిజ్‌లో సూపర్‌మార్కెట్ చాక్లెట్ కేకు ఒకటి తెచ్చాలే. నీది పొడైపోతే అది పెట్టేద్దాం." అంటూనే ఆమె దగ్గర మిగిలిన రబ్బరు తాళ్ల కట్ట చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి తీసుకుంటున్నా. కుర్చీలు కట్టుకోవాలి."

"టైర్లలో గాలి తియ్యవురా?" అని అడిగాడు డెస్.

"నాది కొత్త సస్పెన్షన్, బావా. గాలి తీసేది పాత బళ్లకి."

గార్త్ బండి ముందుకి దూకింది. దాని వెనక ఎర్ర దుమ్ము మేడలా లేచింది.

మెరిన్ కారవాన్ పైకప్పు కిటికీ చుట్టూ ఉన్న టేపుని ఇంకోసారి వేలితో నొక్కింది. కిటికీ అంచులు, గాలి వచ్చే జాలీలు, చీమ దూరే సందు కూడా వదలకుండా నిన్నంతా టేపు వేసింది. చుట్ట మొత్తం అయిపోయింది. దుమ్ము ఎలా వస్తుందో చూద్దాం అనుకుంటూ తలుపు తాళం వేసింది.

రోడ్డు ఎక్కిన మరుక్షణం పళ్లు టకటకలాడాయి. అద్దం వణికింది. డెస్ చేతిలో స్టీరింగు తేనెటీగలా జుమ్మంది.

"వినబడుతోందా ఏమన్నా?" అని మెరిన్ వెనక్కి తిరిగి చూసింది.

"నా ఎముకలు వినబడుతున్నాయి."

బళ్ల మధ్య మాట్లాడుకునే రేడియో గరగరలాడింది. "అక్కా, కేకు కేకేస్తోందా?"

"రోడ్డు చూసి తోలరా!"

ఎడమవైపు పొదల్లోంచి ఈము పక్షి ఒకటి రోడ్డు మీదికి దూకింది. దాని వెనక ఇంకోటి. డెస్ బ్రేకు తొక్కాడు. బండి వెనక భాగం పాములా ఒక వంపు తిరిగి సర్దుకుంది. పక్షులు పొడుగు కాళ్లతో దాటిపోయాయి. మెరిన్ డెస్ మోచెయ్యి పట్టుకుంది.

"ఆపు, చూడాలి."

"పాత రైలు బ్రిడ్జి దగ్గర ఆపుతా. అక్కడికి సగం దారి."

బ్రిడ్జి కనబడగానే బండి పూర్తిగా ఆగకముందే మెరిన్ దిగేసింది. తాళం తీసింది. తలుపు లాగింది.

ఏమీ పడలేదు!

కప్పులు మేజోళ్లలో హాయిగా వేలాడుతున్నాయి. పళ్లేలు కదల్లేదు. తలుపు జేబుల్లో సీసాలన్నీ నిలబడే ఉన్నాయి. గుడ్ల అట్ట మూత ఎత్తి చూసింది, ఒక్కటి కూడా చిట్లలేదు. కేకు డబ్బా వల ఉయ్యాలలో మెల్లగా ఊగుతోంది.

"డెస్! ఒక్కటీ పడలేదు! గార్త్‌గాడు చెంచాలు తోముతాడు!" అని ఎగిరింది.

అప్పుడు తలుపులోంచి ఎండ ఏటవాలుగా లోపల పడింది. ఆ వెలుగులో గాలంతా ఎర్రగా ఉంది. మెరిన్ అర మీద వేలు పెట్టి గీసింది. వేలు ఇటుక రంగులో బయటికి వచ్చింది. పరుపు, గ్యాసు పొయ్యి, గుడ్ల అట్ట, అన్నిటి మీదా పౌడరు చల్లినట్టు పొర.

కేకు డబ్బా మూత మీద కూడా.

ఆ మూతకి తనే కన్నాలు పెట్టింది. ఈ ఎండలో గాలాడని డబ్బాలో కేకు పెడితే చక్కెర పూత చెమట పట్టి జారిపోతుంది. అందుకే కన్నాలు, కన్నాల కింద పల్చటి గుడ్డ. మూత ఎత్తింది. గుడ్డ తెల్లగా లేదు, గులాబీ రంగుకి తిరిగింది. మెల్లగా గుడ్డ అంచు పైకి తీసింది. కేకు ఇంకా తెల్లగానే ఉంది. సరిగ్గా చూద్దామని వంగినప్పుడు బొటనవేలు అంచుకి తగిలింది. తెల్లటి పూత మీద ఎర్రటి వేలిముద్ర పడింది.

"చచ్చాం" అంది మెరిన్. "ఇంకా సగం దారి ఉంది. ఈ సగమే నయం, ముందున్నది ఇంకా ఘోరం."

"కన్నాలు మూసేద్దాం."

"మూస్తే పూత కారిపోతుంది. గార్త్ చాక్లెట్ కేకు కోయాల్సి వస్తుంది."

"మరి దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోంది? అంతా టేపే కదా."

మెరిన్ మోకాళ్ల మీద కూర్చుని నేల చూసింది. వెనక మూల, బల్ల కింద, దుమ్ము విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంది. రబ్బరు చాప ఎత్తింది. కింద గుండ్రటి కన్నం. అందులోంచి ఎర్రటి రోడ్డు కనబడుతోంది.

"డెస్."

"ఊఁ."

"ఇదేంటి?"

డెస్ టోపీ సర్దుకున్నాడు. "కర్రల పైపు బిగించేటప్పుడు... కన్నం మొదట అక్కడ వేశా. తప్పు చోటు. చాప కప్పేస్తే నీకు కనబడదని."

"నా కళ్లకి కనబడకపోతే దుమ్ముకి కూడా కనబడదనుకున్నావా?"

"ఇప్పుడే గుడ్డ కుక్కేస్తా" అంటూ డెస్ జేబు రుమాలు తీశాడు.

మెరిన్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కళ్లు కన్నం మీదినుంచి పైకప్పు కిటికీ మీదికి వెళ్లాయి. ఇరవై ఏళ్లు ఇలాంటి మట్టిరోడ్ల మీదే బడి బస్సు తోలింది. బస్సు ముందువైపు గాలికిటికీ మూసిన రోజు వెనక సీటు పిల్లలు దుమ్ము కొట్టుకుని మిరపకాయల్లా ఎర్రగా దిగేవాళ్లు. తెరిచిన రోజు ఇస్త్రీ చొక్కాలతో దిగేవాళ్లు.

"నేనెంత మొద్దునో చూడు!" అని నుదురు కొట్టుకుంది. "అన్నీ మూసేశాను. బండి పోతుంటే వెనకాల గాలి పీలుస్తుంది. లోపల గాలి లేకపోతే ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి దుమ్ముని లాక్కుంటుంది. ఈ కన్నం మూస్తే ఇంకో సందు వెతుక్కుంటుంది. ముందునుంచి గాలి లోపలికి కొట్టాలి డెస్. లోపల నిండితే దుమ్ముకి చోటుండదు. పైకిటికీ తెరవాలి."

"దుమ్ము రాకుండా కిటికీ తెరుస్తావా? ఎండ తలకెక్కిందా?"

"టేపు పీకు!"

టేపు చర్రున లేచింది. మెరిన్ పెళ్లిబట్టల సంచిలోంచి కొత్త పొడుగు మేజోళ్ల పొట్లం చింపింది. నడుము దాకా వచ్చే పల్చటి నైలాను మేజోళ్లు, పెళ్లికని కొన్నవి. కత్తెరతో కాళ్లు కోసి, మిగిలిన నడుము భాగాన్ని పైకిటికీ చట్రానికి లోపలినుంచి డప్పు తోలులా లాగి తొడిగింది. గాలి వస్తుంది, దుమ్ము ఆగుతుంది.

"పెళ్లికి నువ్వేం వేసుకుంటావ్?"

"నా కాళ్లు ఎవడు చూస్తాడు? కేకుని చూస్తారు."

కిటికీ రెక్క ముందు అంచు పైకి లేచేలా తిప్పి తెరిచింది. ఇక దాన్ని కట్టాలి. లేకపోతే ఎదురుగాలికి పీక్కుని ఎగిరిపోతుంది.

"తాళ్లు?"

"మిగిలినవి గార్త్ పట్టుకుపోయాడుగా. ఈ ఉయ్యాల తాళ్లు రెండు..."

"కేకు తాళ్లు ముట్టుకున్నావంటే ఇక్కడే దింపేసి పోతా."

మిగిలినవి పళ్లేల అర తాళ్లు రెండే. మెరిన్ వాటి వంక చూసింది. అవి తీస్తే పళ్లేలు నిలబడవు. పందెం పోతుంది. గార్త్ నవ్వు చెవుల్లో ముందే వినబడింది. నెలరోజులు కూర్చుని సర్దిన బండి ఇది. ఒక్కటీ పడకుండా చేర్చి తీరాలనుకుంది.

కొక్కేలు పుటుక్కున ఊడదీసింది. పళ్లేలని దుప్పటిలో చుట్టి అరలోనే కుక్కింది, పడితే పడనీ అనుకుని. తాళ్లు రెండూ కిటికీ రెక్కకి బిగించింది.

"తాళం చెవులు ఇటివ్వు. నేను తోలతా."

"అయ్యబాబోయ్" అన్నాడు డెస్. చెవులు మాత్రం ఇచ్చాడు.

మెరిన్ ఆపకుండా తోలింది. గట్ల మీద ఎక్కడ తేలాలో, ఎక్కడ నెమ్మదించాలో ఆమె కాలికి తెలుసు. ఎండ పడమటికి వాలుతోంది. దూరంగా ఎండిపోయిన ఉప్పు సరస్సు తెల్లగా మెరుస్తోంది. అంతా సవ్యంగా సాగుతోంది అనుకునేసరికి ఎదురుగా ఆకాశంలోకి ఎర్రటి గోడ లేచింది.

రేడియోలో బండగొంతు పలికింది. "ఎదురొచ్చే చిన్న కారవాన్, వినబడుతోందా? పశువుల లారీ, మూడు ట్రైలర్లు. నా వెనక ఏమీ కనబడదు. పక్కకి జరగండి."

"ఆపేయ్, పక్కన ఆపి కూర్చుందాం" అన్నాడు డెస్. "అందరూ అదే చేస్తారు."

"ఆగితే పైకిటికీలోకి గాలి రాదు. ఆ దుమ్మంతా కన్నంలోంచి లోపలే."

"కనబడకుండా ఎదురెళ్తావా?"

"మనం రోడ్డు మీద ఉంటేగా!"

ఎడమవైపు గట్టిపడిన బంకనేల చదునుగా, మైదానంలా పరుచుకుని ఉంది. మెరిన్ స్టీరింగు తిప్పింది. బండి రోడ్డు దిగి, రోడ్డుకి దూరంగా జరిగిపోయింది. లారీ ఉరుములా దాటింది. పశువుల వాసన, మోత, ఆ వెనకే దుమ్ము. అద్దం ఎర్రబడింది. మెరిన్ దీపాలు వేసి, నడక వేగం కంటే కాస్త ఎక్కువగా, గాలికి ఎదురుగా తోలుతూనే ఉంది.

"ఆపకు, ఆపకు, ఆపకు..." ఇప్పుడు అంటున్నది డెస్.

ముందు చక్రం గుంతలో పడింది. బండి ఎగిరింది. వెనక కారవాన్‌లో భళ్లుమని పగిలిన చప్పుడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పళ్లేలు" అంది మెరిన్.

"పళ్లేలే అంటావా?"

"పళ్లేలే అయ్యుండాలి. ఇప్పుడు తెరవను. తలుపు తీస్తే దుమ్ము. పద."

స్టేషన్ చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. పెళ్లివాళ్లంతా పందిరి కింద బీర్లు పట్టుకుని కాచుకుని ఉన్నారు. గార్త్ తన కారవాన్ ముందు కుర్చీ వేసుకుని రాజులా కూర్చున్నాడు. అతని భార్య షెరిల్ మొహం మాత్రం తేడాగా ఉంది.

"వచ్చింది మా అక్క! రండి రండి, తలుపు తెరుస్తున్నారు!"

టామ్సిన్ పరుగెత్తుకొచ్చి మెరిన్‌ని వాటేసుకుంది. "అత్తా, కేకు?"

మెరిన్ జేబులోంచి తాళం చెవి తీసింది. తాళం తీసింది. తలుపు లాగింది.

ఒక పళ్లెం ముక్క దొర్లుకుంటూ వచ్చి ఆమె బూటు మీద పడింది. నేలంతా పెంకులే. మక్కరోనీ డబ్బా పగిలి ఊడ్చిన చెత్తలా పరుచుకుంది. గార్త్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"పోయింది, పోయింది! గిన్నెలు తోమేది అక్కే! ఎవరి దగ్గరన్నా చేతికి తొడుక్కునే రబ్బరు తొడుగులు ఉన్నాయా?"

జనం గొల్లున నవ్వారు. మెరిన్ వినలేదు. పెంకుల మీదుగా లోపలికి అడుగేసింది. పైకిటికీకి కట్టిన మేజోడు ఇటుకరాయిలా ఎర్రబడి, నడుము కిందికి జారిన పొట్టలా దుమ్ముతో వేలాడుతోంది. ఆమె అర మీద వేలు గీసింది. బ్రిడ్జి దగ్గర గీసిన చోట కొత్త దుమ్ము లేదు.

వల విప్పింది. డబ్బా గుండెలకి ఆనించుకుని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీసింది. గుడ్డ తీసింది.

అందరి ఒంటి మీదా, చెట్ల మీదా, కుక్కల మీదా ఎరుపే ఉన్న ఆ చోట, కేకు ఒక్కటే పాలపొంగులా తెల్లగా నిలబడింది.

టామ్సిన్ కెవ్వున అరిచి ఎగిరింది. తర్వాత వంగి చూసింది. "ఇదేంటత్తా, ఎర్రగా?"

"నా బొటనవేలు."

"పోన్లే. ఆ వైపు మా అత్తగారికి కనబడకుండా తిప్పుదాం." అని గుసగుసలాడింది టామ్సిన్. పక్కనే ఉన్న అత్తగారు "విన్నానమ్మా" అంది. నవ్వులు పందిరి దాటాయి.

డెస్ కుర్చీ జరిపాడు. మెరిన్ కూర్చుని, ఎవరో ఇచ్చిన బీరు ఒక్క గుక్కలో సగం తాగేసి, చెయ్యెత్తి గార్త్ కారవాన్ వైపు చూపించింది.

"ఇంకో తలుపు ఉందిగా."

"దాని సంగతి రేపు చూద్దాం" అన్నాడు గార్త్ తొందరగా. "పెళ్లి పనులున్నాయి."

"తెరవండి" అంది షెరిల్. "నేను ఇందాకే కిటికీలోంచి చూశా. ఏడవాలో నవ్వాలో తెలీక మీకోసం కూర్చున్నా, వదినా."

తలుపు ఒక పట్టాన రాలేదు. లోపల ఏదో అడ్డం పడింది. ముగ్గురు లాగితే వచ్చింది. నొక్కితే తెరుచుకునే సొరుగులు ఎవరూ నొక్కకుండానే తెరుచుకుని, సామానంతా కక్కేశాయి. ఒక అల్మారా తలుపు ఊడి సోఫా మీద పడుకుంది. సోఫా రంగు ఏదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్ తలుపు బార్లా ఉంది. చాక్లెట్ కేకు నేల మీద, దాని మీద పాలడబ్బా, దాని మీద గార్త్ పెళ్లి బూటు.

డెస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "టైర్లలో గాలి తియ్యవా అని అడిగా, బామ్మర్దీ."

మర్నాడు పెళ్లయింది. వేలిముద్ర ఉన్న ముక్కని టామ్సినే అడిగి మరీ తింది. భోజనాలయ్యాక వంటపాక వెనక నీళ్లతొట్టి దగ్గర అక్కాతమ్ముళ్లిద్దరూ నిలబడ్డారు. ఎవరు ఎక్కువ ఓడిపోయారో తేలక ఇద్దరికీ పడింది శిక్ష. మెరిన్ తోముతోంది, మేజోళ్లు లేని కాళ్లకి ఈగలు ముసురుతున్నాయి. గార్త్ తుడుస్తున్నాడు. చెంచాల గుట్ట ఎంతకీ తరగడం లేదు.

కాసేపటికి గార్త్ అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు.

"అక్కా."

"ఊఁ."

"ఆ చెప్పుల సంచి... తలుపు వెనకది. ఎంత వెడల్పుంటుంది?"

మెరిన్ సబ్బు నురగ చేత్తోనే చొక్కా జేబులోంచి కొలత టేపు తీసి అతని మీదికి విసిరింది.

"ముందు నీ తలుపు కొలుచుకురా. వచ్చేటప్పుడు నా తాళ్లు పట్రా."